ముగ్గురు చైనావాళ్ళు, ఒక దేవుడు

1823లో కలకత్తాలో ఇంగ్లీషులో ఒక చిన్న సంభాషణ అచ్చయింది. అందులో ఒక క్రైస్తవ మిషనరీ, ఆయన కొత్తగా మతంలోకి తెచ్చిన ముగ్గురు చైనావాళ్ళు ఉంటారు. పాఠం ఎంతవరకు ఎక్కిందో చూద్దామని ఆయన పరీక్ష పెడతాడు. దేవుళ్ళు ఎంతమంది? మొదటివాడు ముగ్గురంటాడు. రెండోవాడు ఇద్దరంటాడు. మూడోవాడు అసలెవరూ లేరంటాడు. మిషనరీకి తల తిరిగిపోతుంది. ఎవరు నేర్పారయ్యా మీకిదంతా అంటే, నువ్వేగా అంటారు ముగ్గురూ. మొదటివాడి లెక్క తేలిక. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. ఒకటీ ఒకటీ ఒకటీ కలిపితే మూడు. రెండోవాడిది తీసివేత. ముగ్గురున్నారన్నావు, వాళ్ళలో ఒకాయన పడమటి దేశంలో ఎప్పుడో చనిపోయాడన్నావు, మిగిలింది ఇద్దరే కదా. మూడోవాడు అందరికంటే శ్రద్ధగా విన్నాడు. దేవుడు ఒక్కడే అన్నావు, క్రీస్తే ఆ దేవుడన్నావు, ఆయన్ని 1800 ఏళ్ళ కిందట చంపేశారన్నావు. ఇంకెవరు మిగిలారు?

రాసింది రామ్మోహన్ రాయ్.

మనకి బళ్ళో రామ్మోహన్ రాయ్ అంటే సతీసహగమన నిషేధం, 1829, రెండు మార్కుల ప్రశ్న. ఈ మనిషి హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మరీ బైబిల్ మీద మూడేళ్ళపాటు మిషనరీలతో తగువు పడ్డాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ సంభాషణ మొదటిసారి చదివినప్పుడు పగలబడి నవ్వాను. నాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. హాస్టల్లో ఎవరో ఒకరు "మీకు దేవుళ్ళు ముగ్గురా, ఒకడా?" అని అడగడం, నేను సండేస్కూల్లో చెప్పిన నీళ్ళు-మంచు-ఆవిరి పోలిక అప్పజెప్పడం, వాళ్ళు "ఓహో, మా బ్రహ్మ విష్ణు మహేశ్వరుల్లాగా" అని తేల్చేయడం, నేను కాదనలేక ఔననలేక నీళ్ళు నమలడం, ఇదంతా అలవాటైన నాటకమే. అందుకని ఆ ముగ్గురు చైనావాళ్ళలో నేను కూడా ఒకణ్ణని అనిపించింది. నవ్వు అయిపోయాక మిగిలిన ఇబ్బంది గురించే ఈ వ్యాసం. ఒక రచనగా ఈ సంభాషణ నిలబడుతుందా? నిలబడితే ఎవరి పక్షాన?

ముందు తగువు సంగతి. 1820లో రామ్మోహన్ 'ప్రిసెప్ట్స్ ఆఫ్ జీసస్' అనే పుస్తకం వేశాడు. శాంతికీ సుఖానికీ దారి అని పేరులోనే చెప్పుకున్నాడు. నాలుగు సువార్తల్లోంచి యేసు చెప్పిన నీతిని మాత్రం ఏరి పెట్టాడు. అద్భుతాలు లేవు, సిద్ధాంతం లేదు. యోహాను సువార్త నుంచి తీసుకున్నది మరీ తక్కువ. దాదాపు అదే కాలంలో అమెరికాలో థామస్ జెఫర్సన్ కూడా ఇదే పని చేస్తున్నాడు. ఆయనైతే నిజంగానే బైబిళ్ళు కోసి, ముక్కలు అంటించి ఒక పుస్తకం కుట్టించుకున్నాడు. తేడా ఏమిటంటే జెఫర్సన్ దాన్ని బతికుండగా అచ్చు వెయ్యలేదు. రామ్మోహన్ వేశాడు, అది కూడా కలకత్తా బాప్టిస్ట్ మిషన్ ప్రెస్‌లోనే.

శ్రీరాంపూర్ మిషనరీలు సంతోషిస్తారనుకున్నాడో ఏమో. వాళ్ళ పత్రిక 'ఫ్రెండ్ ఆఫ్ ఇండియా'లో విమర్శ వచ్చింది. ఎవరో అన్యుడు సువార్తని ముక్కలు చేసి పాడుచేశాడన్న ధోరణిలో ఉంటుందది. (అన్యుడు అన్న మాట మన చర్చిల్లో ఇప్పటికీ వాడతారు. దాని బరువేమిటో ఆ మాట వెయ్యించుకున్నవాళ్ళనే అడగాలి.) రామ్మోహన్ పేరు పెట్టుకోకుండా, సత్యానికి స్నేహితుణ్ణని సంతకం చేసి మొదటి 'అప్పీల్' రాశాడు. జాషువా మార్ష్‌మన్ జవాబిచ్చాడు. 1821లో రెండో అప్పీల్. మార్ష్‌మన్ ఇంకా పెద్ద జవాబు. 1823లో మూడోది, 'ఫైనల్ అప్పీల్'. దాన్ని వెయ్యడానికి బాప్టిస్ట్ ప్రెస్ ఒప్పుకోలేదు. ఈయన టైపులు కొనుక్కుని ధర్మతలలో సొంత ప్రెస్ పెట్టుకున్నాడు. దాని పేరు యూనిటేరియన్ ప్రెస్. దేవుడు ఒక్కడే, త్రిత్వం లేదు అనే క్రైస్తవులని యూనిటేరియన్లు అంటారు.

నిజం చెప్పాలంటే ఫైనల్ అప్పీల్ చదవడం ఒక పరీక్ష. ఇద్దరూ వకీళ్ళలా వచనాలు లెక్కపెడుతుంటారు. కానీ మధ్యమధ్యలో రామ్మోహన్ ఎంత మంచి పాఠకుడో తెలిసే చోట్లున్నాయి. ఒకటి చెబుతాను. యోహాను 10వ అధ్యాయంలో యేసు తానూ తండ్రీ ఒకటే అంటాడు. మిషనరీలకి ఇది బ్రహ్మాస్త్రం. రామ్మోహన్ ఏడు అధ్యాయాలు ముందుకు తీసుకెళ్ళి 17వ అధ్యాయం చూపిస్తాడు. అక్కడ యేసు తన శిష్యుల కోసం ప్రార్థన చేస్తూ, తానూ తండ్రీ ఎలా ఒకటిగా ఉన్నారో వాళ్ళూ అలాగే ఒకటిగా ఉండాలంటాడు. శిష్యులందరూ కలిసి ఒకే జీవి అయిపోవాలని కాదు కదా అక్కడ అర్థం? మనసులూ సంకల్పాలూ కలవడమే కదా? మరి ఒకే రచయిత, ఒకే పుస్తకంలో వాడిన ఒకే మాటకి అక్కడొక అర్థం, ఇక్కడొక అర్థం ఎట్లా తీస్తారు? ఏ సాహిత్య విమర్శకుడైనా అడగాల్సిన ప్రశ్నే ఇది.

ఇంకొకటి, యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయం 7వ వచనం. పరలోకంలో సాక్ష్యమిచ్చేవాళ్ళు ముగ్గురనీ, ఆ ముగ్గురూ ఒకటేననీ పాత ఇంగ్లీషు బైబిల్‌లో ఉండేది. బైబిల్ మొత్తంలో త్రిత్వాన్ని ఇంత సూటిగా చెప్పిన వాక్యం ఇంకోటి లేదు. చిక్కేమిటంటే అది మూలంలో లేదు. పాత గ్రీకు ప్రతుల్లో కనపడదు. ఎరాస్మస్ 1516లో వేసిన గ్రీకు కొత్త నిబంధనలోనూ, 1519 ముద్రణలోనూ అది లేదు. గొడవ అయ్యాక 1522లో చేర్చాడు. ఐజాక్ న్యూటన్ 1690లో దీని మీద పెద్ద వ్యాసం రాసి దాచుకున్నాడు. ఆయన పోయాక 1754లో గానీ అది అచ్చు కాలేదు. ఇప్పుడు మన ఇళ్ళలో ఉండే తెలుగు బైబిల్ తీసి చూడండి, ఆ ముక్క ఉండదు. ఆత్మ, నీళ్ళు, రక్తం అనే ముగ్గురు సాక్షులే ఉంటారు. కాబట్టి పాఠపరిష్కరణ దగ్గర గెలుపు ఎవరిదో చెప్పనక్కర్లేదు.

ఈ తగువు పక్కనే ఇంకో చిన్న కథ జరిగింది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. విలియం యేట్స్, విలియం ఆడమ్ అనే ఇద్దరు యువ బాప్టిస్టు మిషనరీలు సువార్తల్ని బెంగాలీలోకి మళ్ళీ అనువదించడానికి రామ్మోహన్‌తో కలిసి కూర్చున్నారు. యోహాను సువార్త మొదటి అధ్యాయం మూడో వచనం దగ్గర బండి ఆగింది. సమస్తమూ 'ఆయన చేత' కలిగాయా, 'ఆయన ద్వారా' కలిగాయా? గ్రీకులో ఉన్నది 'డియా' అనే ఒక్క చిన్న మాట. 'చేత' అంటే చేసినవాడు ఆయనే. 'ద్వారా' అంటే చేసినవాడు ఇంకొకడు, ఈయన మధ్యలో ఉన్నవాడు. మొదట 'ద్వారా' అన్నదానికే అందరూ ఒప్పుకున్నారట. కొన్నాళ్ళకి యేట్స్ వెనక్కి తగ్గాడు. ఇది ఏరియస్ మతంలోకి పోతోందన్నాడు. నాలుగో శతాబ్దంలో కుమారుడు తండ్రి చేత కలిగినవాడే అని వాదించి, 325లో నికేయా సభలో బహిష్కరణకి గురైనవాడు ఏరియస్. యేట్స్ ఆ పని నుంచి తప్పుకున్నాడు. ఆడమ్ తప్పుకోలేదు. కూర్చుని ఆలోచించీ ఆలోచించీ 1821లో త్రిత్వాన్ని వదిలేసి యూనిటేరియన్ అయిపోయాడు. కలకత్తా తెల్లవాళ్ళకి వెక్కిరించడానికి మంచి అవకాశం దొరికింది. ఆదాము మళ్ళీ పడిపోయాడు అన్నారు.

ఈ చర్చలన్నీ నడుస్తుంటే రామ్మోహన్ చేతిలో కలం పట్టుకుని, అన్నీ వింటూ, అందరినీ గమనిస్తూ, ఒక్క మాట మాట్లాడకుండా కూర్చునేవాడని ఆడమ్ తర్వాత గుర్తు చేసుకున్నాడు. ఒక విభక్తి ప్రత్యయం మనిషి మతాన్ని మార్చేసిన సందర్భం సాహిత్య చరిత్రలో ఎన్నిసార్లు దొరుకుతుంది? అనువాదకులు ఈ సంగతి గోడ మీద రాసి పెట్టుకోవాలి.

తెలుగు బైబిల్ అక్కడేం చేసిందా అని వెతికాను. 'మూలముగా' అని ఉంది. తెలివైన మాట. 'ఆయన మూలంగా' అంటే ఆయన వల్ల అనుకోవచ్చు, ఆయన ద్వారా అనుకోవచ్చు, ఆయనే మూలం అనీ అనుకోవచ్చు. యేట్స్, ఆడమ్ ఇద్దరూ తెలుగు మిషనరీలై ఉంటే అసలు విడిపోయేవాళ్ళు కాదేమో.

అక్కణ్ణుంచి నాకు ఈ గొడవంతా తెలుగులో చూడటం అలవాటైంది. రామ్మోహన్ వ్యంగ్యం ఇంగ్లీషులో నడుస్తుంది. ఇంగ్లీషులో మూడంటే మూడే. మూడు కుర్చీలు, మూడు దేవుళ్ళు. తెలుగులో ఆ మిషనరీకి ప్రశ్న అడగడమే కష్టం. దేవుళ్ళు 'ఎన్ని' అనాలా, 'ఎందరు' అనాలా? 'మూడు' వేరు, 'ముగ్గురు' వేరు. 'ముగ్గురు' అన్నామంటే అవి వస్తువులు కావనీ, మనుషుల్లాగా పలకరిస్తే పలికేవాళ్ళనీ పక్కన ఏ నామవాచకం పెట్టకుండానే చెప్పేశాం. ఐదో శతాబ్దంలో అగస్టీన్ ఈ నామవాచకం దగ్గరే చిక్కుకుపోయాడు. ముగ్గురంటున్నాం సరే, మూడు ఏమిటి? లాటిన్‌వాళ్ళు 'పెర్సోనా' అన్నారు. నాటకంలో వేషగాడు పెట్టుకునే ముసుగుకి కూడా అదే మాట. ఆ మాట సరిపోదని అగస్టీన్‌కి తెలుసు. ఏమీ చెప్పకుండా ఊరుకోలేక ఆ మాట వాడుతున్నామని ఒప్పుకున్నాడు కూడా. తెలుగువాళ్ళకి ఆ బెంగ లేదు. ముగ్గురు. ముగ్గురు ఏమిటని ఎవరూ అడగరు.

ఇంకా ఉంది. యోహాను 10లో ఉన్న ఆ 'ఒకటి' గ్రీకులో పుంలింగం కాదు, నపుంసకం. ఇంగ్లీషులో ఆ తేడా చచ్చిపోతుంది. తెలుగులో బతుకుతుంది. 'నేనూ తండ్రీ ఒక్కడే' అంటే ఒకే మనిషి రెండు వేషాలు. 'నేనూ తండ్రీ ఒకటే' అంటే వేరు. మూడో శతాబ్దం మొదట్లోనే టెర్టూలియన్ లాటిన్‌లో ఈ తేడా పట్టుకుని వాదించాడు. మా సండేస్కూల్ నీళ్ళు-మంచు-ఆవిరి పోలిక ఉంది చూశారూ, అది ఈ 'ఒక్కడే' లెక్కలోకి వస్తుంది. ఒకే పదార్థం, మూడు రూపాలు, కానీ ఒకసారికి ఒకటే. సబెల్లియస్ పేరు మీద ఎప్పుడో తోసిపుచ్చిన వాదం అది. పదేళ్ళ పిల్లలకి ప్రతి ఆదివారం దాన్నే ఉప్మాతో పాటు వడ్డించేవాళ్ళు. పాపం ఆ టీచరుగారికి తెలీదు, మాకూ తెలీదు.

అయితే ఇక్కడ నేను కాస్త తొందరపడ్డాను. తెలుగు వ్యాకరణం రామ్మోహన్‌ని ఓడించిందని మొదట సంబరపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, 'మేమూ వాళ్ళూ ఒకటే' అని మనం ఎప్పుడంటాం? పొలం గట్టు తగాదాలో అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు అంటారు. పెళ్ళి మాటల్లో వియ్యంకులు అంటారు. అంటే మనసులు కలవడమే. సరిగ్గా రామ్మోహన్ చెప్పిన అర్థం. 'ఒకటే' అన్న మాట సబెల్లియస్‌ని బయటికి పంపగలదు గానీ రామ్మోహన్‌కీ మార్ష్‌మన్‌కీ మధ్య తీర్పు చెప్పలేదు.

ఆత్మ విషయంలో తెలుగు ఇంకా తమాషా. 'ఆత్మ వచ్చింది' అంటాం. గ్రీకులో ఆత్మ నపుంసకం, హీబ్రూలో స్త్రీలింగం. తెలుగులో 'వచ్చింది' అన్న ఒక్క క్రియ ఆ రెంటికీ సరిపోతుంది. ఇంత చక్కటి అమరిక కుదిరితే, మనవాళ్ళు ముగ్గురి లెక్క సరిగ్గా ఉండాలని 'పరిశుద్ధాత్ముడు వచ్చాడు' అని మీసాలు పెట్టారు. చర్చిలో రెండు వాడుకలూ వినపడతాయి, ఒకే ప్రార్థనలో ఒకే నోట కూడా.

ఇక 'త్రియేక దేవుడు'. త్రి, ఏక కలిస్తే సంస్కృతం లెక్కన యణాదేశం వచ్చి 'త్ర్యేక' అవ్వాలి. చర్చి తెలుగులో 'త్రియేక' అయింది. ఆ 'య' ఎక్కణ్ణుంచి వచ్చింది? యడాగమం. సంధి జరగని చోట రెండు అచ్చులు గుద్దుకోకుండా మధ్యలో వచ్చి కూర్చునే 'య' అది. మూడుకీ ఒకటికీ సంధి కుదరలేదని చిన్నయసూరి నియమమే ఒప్పుకుంటోందన్నమాట. ఈ మాట మొదట ఎవరు కూర్చారో గానీ, వ్యాకరణం సరిగ్గా రాకపోవడం వల్ల సిద్ధాంతాన్ని సరిగ్గా చెప్పిన మహానుభావుడు.

మళ్ళీ సంభాషణ దగ్గరికి వస్తాను. మొదటి చైనావాడి కూడిక రామ్మోహన్ కనిపెట్టింది కాదు. నాలుగో శతాబ్దంలో అబ్లాబియస్ అనే ఆయన నిస్సా గ్రెగరీని ఇదే అడిగాడు. పేతురు, యాకోబు, యోహాను ముగ్గురూ మనుషులే. వాళ్ళని ముగ్గురు మనుషులంటాం. మరి తండ్రి, కుమారుడు, ఆత్మ ముగ్గురికీ దైవత్వం ఉందంటూ ముగ్గురు దేవుళ్ళని ఎందుకనకూడదు? గ్రెగరీ దానికి చిన్న గ్రంథమే రాశాడు, ముగ్గురు దేవుళ్ళు లేరని. అందులో ఒక జవాబు వింతగా ఉంటుంది. అసలు 'ముగ్గురు మనుషులు' అనడమే తప్పు వాడుక అంటాడు, మనిషితనం ఒకటే కాబట్టి. ఇది నాకు ఎప్పుడూ గొంతు దిగలేదు. రెండో జవాబు బలమైంది. 'దేవుడు' అనేది వస్తువు పేరు కాదు, ఒక పని పేరు. ముగ్గురు రైతులు మూడు పొలాలు దున్నితే మూడు పనులు. కానీ ఈ ముగ్గురి పని ఎక్కడా విడిపోదు. తండ్రి దగ్గర మొదలై, కుమారుడి ద్వారా నడిచి, ఆత్మలో పూర్తయ్యే ఒకే కదలిక అది. లెక్కపెట్టాలంటే విడివిడిగా ఉండాలి కదా, ఇక్కడ విడిగా ఏముంది అంటాడు. ఒప్పుకోవచ్చు, మానవచ్చు. కానీ త్రిత్వాన్ని నమ్మినవాళ్ళు కూడిక రానివాళ్ళు కాదు. రామ్మోహన్ వ్యంగ్యంలో మిషనరీ నోట గ్రెగరీ లేడు. ముందు నమ్మండి, తర్వాత అర్థమవుతుంది అని మాత్రం అంటాడు. వ్యంగ్యరచనకి ఎదుటివాడు తెలివితక్కువవాడైతే పని సులువవుతుంది, రచన చిన్నదవుతుంది. విమర్శకుడిగా నాకు ఈ రచన మీద మొదటి ఫిర్యాదు ఇది.

ఇంకో ఫిర్యాదు కూడా రాసుకున్నాను. చైనావాళ్ళే ఎందుకు? ఎగతాళికి ఎవరో దూరపు దేశంవాళ్ళని బొమ్మలుగా నిలబెట్టాడు కదా అని. తర్వాత అర్థమైంది. మార్ష్‌మన్ ఏళ్ళ తరబడి శ్రీరాంపూర్‌లో కూర్చుని బైబిల్‌ని చైనా భాషలోకి అనువదించాడు. 1822లో అది పూర్తయింది. మరుసటి ఏడే ఈ సంభాషణ. ఇది కాకతాళీయం అంటే నేను నమ్మను. మీరు ఇంత కష్టపడి పంపించిన పుస్తకం చదివి, అక్కడివాళ్ళు ఇదిగో ఇలా అర్థం చేసుకుంటారు అని రామ్మోహన్ పొడుస్తున్నాడు. దెబ్బ చైనావాళ్ళ మీద కాదు. కాబట్టి ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ పొడుపు వెనక కోపం ఉంది. ఆ కోపం న్యాయమైంది. అప్పటి మిషనరీ పత్రికలు వేదాంతాన్నీ విగ్రహారాధననీ ఒకే గాటన కట్టి వెక్కిరించేవి. బహుదేవతారాధన అజ్ఞానం అనేవి. రామ్మోహన్ రెండు వైపులా పోరాడుతున్నాడు. ఇంట్లో విగ్రహాలు వద్దని సొంతవాళ్ళతో, బయట మిషనరీలతో. నేను మా వాళ్ళకి దేవుడు ఒక్కడే అని చెప్పుకుంటుంటే, మీరొచ్చి ముగ్గురు ఒకటి అని నేర్పిస్తే, ఇక ముప్పై మూడు కోట్లమంది ఒకటని వాళ్ళంటే నేనేం జవాబు చెప్పను? 1821లో 'బ్రాహ్మణికల్ మ్యాగజైన్'లో ఈ వాదం మొత్తం ఉంది. పాలించే జాతి మతానికి దొరికే మర్యాద పాలితుల మతానికి ఎందుకు దొరకదన్న ప్రశ్న కూడా దాని అడుగున ఉంది. ఈ కోపం తెలియకుండా సంభాషణ చదివితే ఒక జోకులా మిగులుతుంది. హాస్టల్లో నేను చదివింది అలాగే.

తమాషా ఏమిటంటే, రామ్మోహన్ తోసేసినదాన్ని ఆయన వారసులే మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకున్నారు. బ్రహ్మసమాజం నాయకుడు కేశవ చంద్ర సేన్ 1882లో త్రిత్వం ఒక అద్భుత రహస్యం అంటూ ఉపన్యాసమిచ్చి, దాన్ని సత్, చిత్, ఆనందాలతో పోల్చాడు. ఆయన ప్రభావంలో పెరిగిన భవానీచరణ్ బెనర్జీ 1891లో క్రైస్తవుడై, బ్రహ్మబాంధవ ఉపాధ్యాయగా మారి, 1898లో 'వందే సచ్చిదానందం' అని త్రిత్వం మీద సంస్కృతంలో స్తోత్రమే రాశాడు. కాషాయం కట్టిన కాథలిక్. 1907లో రాజద్రోహం కేసు నడుస్తుండగా ఆస్పత్రిలో పోయాడు. ఆయన మీద వేరే వ్యాసం రాయాలి. ఆ స్తోత్రం అందమైనదే గానీ నాకు దాంతో ఒక పేచీ ఉంది. సత్తూ చిత్తూ ఆనందమూ గుణాల్లా వినపడతాయి. గుణాలు ఒకదాన్నొకటి ప్రేమించవు, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. మన వైపుకి బ్రహ్మసమాజం వీరేశలింగం, రఘుపతి వెంకటరత్నం నాయుడు ద్వారా వచ్చింది. దేవులపల్లి కృష్ణశాస్త్రిని చదివినవాళ్ళకి ఆ ఒక్కడైన, రూపం లేని ప్రభువు ఎవరో వేరే పరిచయం చెయ్యక్కర్లేదు. రామ్మోహన్ దేవుడు తెలుగు కవిత్వంలో అలా స్థిరపడ్డాడు. ఏకాంతంగా, హుందాగా ఉంటాడు. ఆయనకి గాయాలుండవు.

గాయాల సంగతి దగ్గరే నేను రామ్మోహన్ నుంచి విడిపోతాను.

మార్ష్‌మన్ వాదనలో భాషాజ్ఞానం ఓడిపోయింది గానీ, ఒక మాట మాత్రం గట్టిది. నీతి బోధల్ని కథలోంచి పెరికితే మిగిలేది సువార్త కాదన్నాడు. ఆయన దాన్ని పాపవిమోచన సిద్ధాంతం కోసం అన్నాడు. నేను కథ కోసం అంటాను. 'ప్రిసెప్ట్స్' చదువుతుంటే యేసు నాకు ఒక మంచి లెక్చరర్‌లా వినపడతాడు. శత్రువులని ప్రేమించమంటాడు, శత్రువులు ఆయన్ని ఏం చేశారో ఈ పుస్తకంలో ఉండదు. శత్రువుల్ని ప్రేమించమని చెప్పి ఇంటికెళ్ళి నిద్రపోయిన మనిషికీ, చెప్పి మేకులు కొట్టించుకున్న మనిషికీ తేడా లేదంటే సాహిత్యం చదవడం దండగ. గుర్రం జాషువా రాసింది 'క్రీస్తు చరిత్ర', క్రీస్తు బోధలు కాదు. పల్లెల్లో మా ముత్తాతల కాలంవాళ్ళు క్రైస్తవంలోకి వచ్చింది ఉపదేశాల కోసమని నేననుకోను. ఉపదేశాలు వాళ్ళకి అంతకుముందు ఊళ్ళో అందరూ చేస్తూనే ఉన్నారు. ఊరి బయట ఇద్దరు దొంగల మధ్య చనిపోయిన వాడు దేవుడే అన్నమాట వాళ్ళకి కొత్త. కలకత్తాలో చదువుకున్న పెద్దమనిషికి ఆ మాట హేతువుకి అందని అనవసరపు కొసరు. ఊరి బయట ఉంచిన మనిషికి అసలు సంగతి అదే.

మూడో చైనావాడి దగ్గరికి అందుకే మళ్ళీ మళ్ళీ వెళ్తుంటాను. మొదటి ఇద్దరివీ లెక్కల జోకులు. మూడోవాడిది లెక్క కాదు. దేవుడు చనిపోయాడు, కాబట్టి దేవుడు లేడు. మొదటి సగం క్రైస్తవుడు కూడా ఒప్పుకుంటాడు. ఒప్పుకోవడమేమిటి, ప్రతి గుడ్ ఫ్రైడేకీ మూడు గంటలసేపు చెప్పుకుంటాడు. రెండో సగం ఎలా తప్పించుకోవాలి? దేవుడు ఒంటరిగా ఒక్కడే అయితే తప్పించుకోలేం. చనిపోయాడంటే ఇక ఎవరూ లేరు. లేదా చనిపోయింది దేవుడు కాదనాలి, మంచి మనిషి అనాలి. రామ్మోహన్ అదే అన్నాడు. 1972లో యూర్గెన్ మోల్ట్‌మన్ 'క్రూసిఫైడ్ గాడ్' పుస్తకంలో ఇక్కణ్ణుంచే మొదలుపెట్టి త్రిత్వాన్ని తిరగరాస్తాడు. కొడుకు చావుని అనుభవిస్తాడు, తండ్రి కొడుకు పోవడాన్ని అనుభవిస్తాడు. రెండూ ఒకటి కావు, రెండూ దేవుడి లోపలే జరుగుతాయి. ఇది చదివినప్పుడు నాకు సండేస్కూల్ ఆవిరీ మంచూ మొదటిసారి మనసులోంచి పోయాయి. త్రిత్వం లెక్క కోసం పుట్టింది కాదు, ఒక చావుని ఎలా చెప్పాలో తెలియక పుట్టిందని అనిపించింది. చరిత్రకారులు దీన్ని ఒప్పుకోకపోవచ్చు. నికేయాలో గొడవ చావు గురించి కాదు, పుట్టుక గురించి. నాది పాఠకుడి మాట.

మా నాన్న పోయి నాలుగేళ్ళవుతోంది. నేను అప్పటికే చర్చికి వెళ్ళడం మానేశాను, రామ్మోహన్ చెప్పింది దాదాపు అంతా ఒప్పుకున్నాను. సమాధి దగ్గర పాస్టరుగారు మట్టి వేస్తూ ముగ్గురి పేర్లూ చెప్పి, చివర 'నామములో' అన్నారు. నామములలో కాదు, నామములో, ఏకవచనం. మత్తయి సువార్త చివర్లో గ్రీకులోనూ అంతే. అప్పుడు నా బుర్ర అలాంటివే గమనిస్తోంది. ఏడవకుండా ఉండటానికి వ్యాకరణం పనికొస్తుందని అక్కడ తెలిసింది.

అమ్మ ఇప్పటికీ రోజూ సాయంత్రం ప్రార్థన చేస్తుంది. ఇంటికెళ్ళినప్పుడు పక్కన కూర్చుంటాను. "పరలోకమందున్న తండ్రీ" అని మొదలుపెడుతుంది. అటూ ఇటూ బంధువులందరి పేర్లూ, మోకాలి నొప్పీ, నా ఉద్యోగం అయ్యాక, మధ్యలో ఎక్కడో గొంతు మారి, "మా కోసం సిలువ మీద చచ్చిపోయావు గదయ్యా" అంటుంది, అదే తండ్రితో. తండ్రే సిలువ మీద చనిపోయాడనడం మూడో శతాబ్దంలో టెర్టూలియన్ ఉతికి ఆరేసిన పొరపాటు. దానికి పెద్ద లాటిన్ పేరు కూడా ఉంది. పోయినసారి ఒకసారి చెప్పబోయాను కూడా. "అమ్మా, అది తండ్రి కాదు, కుమారుడు" అని. కళ్ళు మూసుకునే చెయ్యెత్తి, ఆగమని సైగ చేసి, ఆయనతో మాట్లాడటం పూర్తి చేసింది.